మోడల్ రైలు పాయింట్ల దగ్గర కరెంటు తెగకుండా ఉండాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మా మేడ మీది గదిలో పన్నెండు అడుగుల బల్ల మీద హెచ్‌ఓ సైజు (అసలు రైలుకు 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్, అంటే పట్టాల ఏర్పాటు, ఉంది. మిర్యాలగూడ నుంచి, మహబూబ్‌నగర్, జడ్చర్ల నుంచి కూడా ఈ ఇష్టం ఉన్నవాళ్లు వచ్చి చూస్తుంటారు, ఫోన్ చేస్తుంటారు. మాట ఎక్కడ మొదలైనా చివరికి పాయింట్ల దగ్గరికే, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల దగ్గరికే చేరుతుంది. తిన్నటి పట్టా మీద చక్కగా నడిచిన బండి పాయింటు మీదికి రాగానే ఆగుతుంది, లేదా లేఅవుట్ మొత్తం ట్రిప్ అవుతుంది. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## కొనే ముందు

పాయింటులో ఏ భాగాన్ని ఏమంటారు? హాబీ వాళ్లు చెప్పే పేర్లకూ రైల్వేలో పనిచేసే మా మామయ్య చెప్పే పేర్లకూ పొంతన లేదు.

భాగాలు అవే, పేర్లే వేరు. బయటి వైపు కదలకుండా ఉండే రెండు పట్టాలు స్టాక్ రైల్స్. వాటికి ఆనుకుని అటూ ఇటూ జరిగే మొనదేలిన పట్టాలను రైల్వే వాళ్లు టంగ్ రైల్ అంటారు, మనం బ్లేడు అంటాం. రెండు బ్లేడ్లనూ కలిపి జరిపే పట్టీ రైల్వేలో స్ట్రెచర్ బార్, మన దగ్గర టై బార్. రెండు దారుల లోపలి పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు రైల్వే భాషలో క్రాసింగ్, హాబీలో ఫ్రాగ్. బ్లేడు వెనక నుంచి ఫ్రాగ్ దాకా ఉండే ముక్క లీడ్ రైల్. కరెంటు సమస్యలన్నీ దాదాపుగా బ్లేడు, లీడ్ రైల్, ఫ్రాగ్ అనే ఈ మూడింటి దగ్గరే పుడతాయి.

ఇన్సుల్‌ఫ్రాగ్, ఎలక్ట్రోఫ్రాగ్, యూనిఫ్రాగ్ అని మూడు రకాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

ఇవి పెకో కంపెనీ పెట్టిన పేర్లు. ఇన్సుల్‌ఫ్రాగ్‌లో ఫ్రాగ్ ప్లాస్టిక్‌తో ఉంటుంది, దానికి కరెంటు ఉండదు. ఎలక్ట్రోఫ్రాగ్‌లో ఫ్రాగ్ మొత్తం లోహమే. ఏ బ్లేడు ఏ స్టాక్ రైల్‌కు ఆనితే ఆ వైపు కరెంటు ఫ్రాగ్‌కు వస్తుంది. యూనిఫ్రాగ్‌లో ఫ్రాగ్ లోహమే అయినా చుట్టూ విడదీసి ఉంటుంది. దాని కింద ఒక వైరు వదిలి ఉంటుంది, కావాలంటే దానికి కరెంటు ఇవ్వొచ్చు. బ్లేడ్లు కూడా ముందే తమ పక్కనున్న స్టాక్ రైల్స్‌కు కలిపి వస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను యూనిఫ్రాగే చెబుతాను. పట్టాలు కోసే పని ఉండదు. ఈరోజు ఫ్రాగ్ వైరు వదిలేసినా రెండేళ్ల తర్వాత కలుపుకోవచ్చు. అందుకే ఆ వైరును కత్తిరించకుండా బల్లలో చిన్న రంధ్రం చేసి కిందికి దింపి ఉంచండి.

నా దగ్గర ప్లాస్టిక్ ఫ్రాగ్ పాయింట్లు ఎనిమిది ఉన్నాయి. అన్నీ మార్చేయాలా?

అక్కర్లేదు. ముందు మీ ఇంజిన్లను చూడండి. డబ్ల్యూడీఎం-2 లాంటి ఆరు యాక్సిళ్ల ఇంజిన్ మోడల్‌లో అన్ని చక్రాలూ కరెంటు తీసుకుంటుంటే, రెండు చక్రాలు ప్లాస్టిక్ మీద ఉన్నా మిగతావి పట్టా మీదే ఉంటాయి. దానికి ఆ ఫ్రాగ్ ఉన్నట్టే తెలియదు. ఇబ్బందంతా నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజిన్లకు, ముందు వెనక చక్రాల మధ్య దూరం తక్కువున్నవాటికి వస్తుంది. అవి నెమ్మదిగా వచ్చినప్పుడు సరిగ్గా ఫ్రాగ్ మీదే నిలిచిపోతాయి.

కాబట్టి యార్డులో, షంటింగ్ జరిగే చోట ఉన్న పాయింట్లు మార్చండి. మెయిన్ లైనులో పెద్ద ఇంజిన్లు వేగంగా దాటే చోట ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉంటే ఉండనివ్వండి. ఎనిమిదింటిలో రెండో మూడో మారిస్తే చాలు.

పాత సెట్‌తో వచ్చిన ఇత్తడి పట్టాలు, స్టీలు పట్టాలు వాడుకోవచ్చా?

పాయింట్ల దగ్గర మాత్రం వద్దు. ఇత్తడి మీద పేరుకునే పొర కరెంటును అడ్డుకుంటుంది, తరచూ తుడుస్తూ ఉండాలి. స్టీలు వానాకాలంలో తుప్పు పడుతుంది. నికెల్ సిల్వర్ పట్టాలు తీసుకోండి. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. పాత పట్టాలను కరెంటు అవసరం లేని చోట, బండ్లు ఊరికే నిలబెట్టి చూపించే సైడింగులో వేసుకోవచ్చు.

## బల్ల మీద బిగించే ముందు

కొత్త పాయింటే కదా, ప్యాకెట్‌లోంచి తీసి నేరుగా బిగిస్తే తప్పేముంది?

బిగించి, రాళ్లు పరిచి, రంగు వేశాక లోపం బయటపడితే మొత్తం పీకాలి. ఒకసారి నేను కొన్న పాయింటు అడుగున ఒక జంపర్ వైరు అసలు అతకనే లేదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆ సైడింగు పూర్తయ్యాక దాన్ని పీకాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పాయింటునూ చేతిలో ఉండగానే పరీక్షిస్తున్నాను.

మల్టీమీటర్‌ను బీప్ వచ్చే సెట్టింగులో పెట్టండి. ఒక మొన స్టాక్ రైల్ మీద, రెండోది దానికి ఆనిన బ్లేడు మీద, తర్వాత లీడ్ రైల్ మీద, చివర ఆ దారి బయటికెళ్లే పట్టా మీద పెట్టి చూడండి. పాయింటు రెండు వైపులకూ మార్చి ఇదంతా మళ్లీ చేయండి. బీప్ వస్తుండగా బ్లేడును అగ్గిపుల్లతో మెల్లగా కదపండి. శబ్దం తెగి తెగి వస్తే అక్కడ తాకుడు బలంగా లేదన్నమాట. ఎడమ స్టాక్ రైల్ నుంచి కుడి స్టాక్ రైల్‌కు మాత్రం ఏ స్థితిలోనూ బీప్ రాకూడదు. ఒక్కో పాయింటుకు ఐదు నిమిషాలు పడుతుంది.

బ్లేడు స్టాక్ రైల్‌ను తాకుతూనే ఉంది కదా, మళ్లీ దానికి వైరు ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి వివరంగా చెప్పడం అవసరం.

బ్లేడు మొన స్టాక్ రైల్‌కు ఆనే చోటు చాలా చిన్నది. ఆ చిన్న చోటు మీద దుమ్ము చేరుతుంది, నూనె ఆవిరి పేరుకుంటుంది, రంగు వేసేటప్పుడు తుంపర పడుతుంది. స్ప్రింగు కాస్త బలహీనపడినా ఒత్తిడి తగ్గుతుంది. పైగా ప్రతిసారీ పాయింటు మార్చినప్పుడు అక్కడ సన్నని నిప్పురవ్వ వచ్చి నల్లటి మచ్చ పడుతుంది. మొదటి నెల బాగానే నడుస్తుంది. ఆరు నెలలకు ఇంజిన్ తడబడటం మొదలవుతుంది. బ్లేడు పని చక్రానికి దారి చూపడం. కరెంటు మోసే బాధ్యత కూడా దాని మీదే పెడితే రెండో పని ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది.

పెద్ద రైల్వేలో కూడా ఈ తాకుడును నమ్మరు. నల్గొండ స్టేషన్‌లోనో మహబూబ్‌నగర్ స్టేషన్‌లోనో ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాల వైపు చూడండి. పట్టాలను ఫిష్ ప్లేట్లతో బోల్టులు బిగించి కలిపినా, జాయింటు దాటుతూ వైర్లు కనిపిస్తాయి. వాటిని బాండ్ వైర్లు అంటారు. పట్టా మీద బండి ఉందో లేదో సిగ్నల్‌కు తెలిపే ట్రాక్ సర్క్యూట్ ఉన్న చోట, పాయింటులోని పట్టాలను కూడా ఇలాగే వైర్లతో కలుపుతారు, స్ట్రెచర్ బార్‌లో ఇన్సులేషన్ పెడతారు. బల్ల మీద మనం చేయాల్సిందీ అదే.

చేసే తీరు ఇది. ప్రతి లీడ్ రైల్‌ను అడుగు వైపు నుంచి ఒక సన్నని వైరుతో పక్కనున్న స్టాక్ రైల్‌కు సోల్డర్ చేయండి. బ్లేడు, లీడ్ రైల్ ఒకే ముక్క అయితే ఇంతే. బ్లేడు విడిగా కీలు మీద తిరిగేదైతే ఆ కీలును కూడా నమ్మొద్దు. డీకోడర్లలో (ఇంజిన్ లోపల పెట్టే చిన్న సర్క్యూట్లలో) వాడే మెత్తని మల్టీ స్ట్రాండ్ వైరును కాస్త వదులుగా ఉంచి బ్లేడు మడమకు, అంటే వెనక కొనకు, కలపండి. వదులు లేకపోతే బ్లేడు పూర్తిగా జరగదు.

ఒక్క జాగ్రత్త. ఎలక్ట్రోఫ్రాగ్ రకంలో లీడ్ రైల్స్ రెండూ ఫ్రాగ్ దగ్గర కలిసి ఉంటాయి. ముందు వాటిని ఫ్రాగ్‌కు దగ్గరగా కోసి గ్యాప్ చేయాలి, ఆ తర్వాతే వైర్లు. గ్యాప్ లేకుండా వైర్లు కలిపితే ఎడమా కుడీ నేరుగా కలిసిపోయి షార్ట్ అవుతుంది. కోయడానికి కంసాలులు వాడే సన్న రంపం చాలా బాగా పనిచేస్తుంది.

సోల్డర్ చేస్తుంటే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతున్నాయి. ఎలా?

నెమ్మదిగా చేయడం వల్లే కరుగుతున్నాయి. చాలామంది ప్లాస్టిక్ పాడవుతుందని చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా వేడి చేస్తారు. అప్పుడు వేడి పట్టా వెంట పాకుతుంది. 60/40 సోల్డర్ సుమారు 190 డిగ్రీలకు పూర్తిగా కరుగుతుంది. ఐరన్ బాగా కాగి ఉండాలి, మొన శుభ్రంగా ఉండాలి, పని రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. పట్టాను ముందుగా గీకి మెరిసేలా చేసి, రోజిన్ ఫ్లక్స్ రాసి, పట్టాకూ వైరుకూ విడివిడిగా సోల్డర్ పూయండి. ఆ తర్వాత రెండింటినీ ఆనించి ఒక్కసారి ఐరన్ తగిలిస్తే అతుక్కుంటాయి. చోటుకు రెండు వైపులా తడి గుడ్డ ముక్కలు పెడితే వేడి అక్కడే ఆగుతుంది. యాసిడ్ ఫ్లక్స్ వద్దు, కొన్నాళ్లకు వైరును తినేస్తుంది. కిటికీ తెరిచి చేయండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఆ సోల్డర్‌లో సీసం ఉంటుంది.

ఇన్సులేటెడ్ జాయినర్లు (పట్టాలను కలుపుతూనే కరెంటును ఆపే ప్లాస్టిక్ ముక్కలు) ఎక్కడ పెట్టాలి? అన్ని చోట్లా పెట్టేస్తే సేఫ్ కదా?

అన్ని చోట్లా పెడితే ఆ తర్వాతి పట్టాలకు కరెంటే అందదు. ఫ్రాగ్ లోహంతో ఉండి కరెంటు మారేదైతే, ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు లోపలి పట్టాలకు ప్లాస్టిక్ జాయినర్లు పెట్టండి. బయటి రెండు పట్టాలకు మామూలు లోహపు జాయినర్లు చాలు. యూనిఫ్రాగ్‌లో ఫ్రాగ్ లోపలే విడిగా ఉంటుంది కాబట్టి ఆ ప్లాస్టిక్ జాయినర్లు కూడా అక్కర్లేదు. ప్లాస్టిక్ జాయినర్ దాటిన ప్రతి పట్టాకూ విడిగా ఫీడర్ వైరు (పట్టాకు కరెంటు తెచ్చే చిన్న వైరు) ఇవ్వడం మరిచిపోవద్దు. సైడింగు చచ్చిపోయింది అని నాకు ఫోన్ వచ్చిందంటే సగం సార్లు కారణం ఇదే.

## వైరింగ్

ఫ్రాగ్ కరెంటు మార్చడం అంటే ఏమిటి? స్విచ్ ఎలా కలపాలి?

బండి తిన్నగా వెళ్లేటప్పుడు ఫ్రాగ్ ఒక వైపు పట్టాలో భాగం. పక్క దారికి మళ్లేటప్పుడు అదే ఫ్రాగ్ రెండో వైపు పట్టాలో భాగం. కాబట్టి పాయింటు మారినప్పుడల్లా ఫ్రాగ్‌కు వచ్చే కరెంటు కూడా మారాలి. దీనికి మూడు కాళ్ల చేంజ్ ఓవర్ స్విచ్ చాలు. మధ్య కాలు ఫ్రాగ్‌కు. చివరి కాళ్లలో ఒకటి ఎడమ పట్టా బస్ వైరుకు (బల్ల కింద కరెంటు మోసే ప్రధాన వైరుకు), రెండోది కుడి పట్టా బస్ వైరుకు.

ఏ చివర దేనికి అన్నది తలబద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. కలిపి చూడండి. చక్రం ఫ్రాగ్ మీదికి వెళ్లగానే రెండు దారుల్లోనూ షార్ట్ అయితే చివరి రెండు వైర్లూ తారుమారు చేయండి, సరిపోతుంది. స్విచ్‌లు నల్గొండలో టీవీ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతాయి, ఎక్కువ కావాలంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి.

నేను పాయింట్లు చేత్తోనే మారుస్తాను, మోటార్లు లేవు. నాకు ఇదంతా అవసరమా?

ఫ్రాగ్ లోహంతో ఉంటే అవసరమే, కానీ ఖర్చు చాలా తక్కువ. బల్ల అంచున ఒక స్లయిడ్ స్విచ్ బిగించి, దాని పిడికి సైకిల్ స్పోకు లాంటి గట్టి తీగ కలిపి, ఆ తీగను టై బార్ దాకా తీసుకెళ్లండి. స్విచ్ జరిపితే బ్లేడూ మారుతుంది, ఫ్రాగ్ కరెంటూ మారుతుంది. రెండూ ఒకే చేతి కదలికతో జరుగుతాయి కాబట్టి ఒకటి మార్చి రెండోది మరిచిపోయే ప్రమాదం ఉండదు. మా యార్డులో ఐదు పాయింట్లు ఇలాగే ఉన్నాయి. నాకు మోటార్ల కంటే ఇవే ఇష్టం, పాయింట్స్‌మన్ లివర్ లాగిన తృప్తి ఉంటుంది.

మోటార్ పెడితే ఏ రకం మంచిది? కాయిల్, స్లో మోషన్, సర్వో?

కరెంటు నమ్మకం ఒక్కటే చూస్తే స్లో మోషన్ రకం. టార్టాయిస్ లాంటి మోటార్ 12 వోల్టుల మీద నడుస్తుంది, చివరికి చేరి ఆగినప్పుడు కూడా సుమారు 15 మిల్లీఆంపియర్లే తీసుకుంటూ బ్లేడును నొక్కి పట్టి ఉంచుతుంది. లోపలే రెండు సెట్ల చేంజ్ ఓవర్ కాంటాక్టులు ఉంటాయి, ఒకటి ఫ్రాగ్‌కు, రెండోది సిగ్నల్ లైటుకు. ధర మాత్రం ఎక్కువే.

కాయిల్ మోటార్ టక్కున కొడుతుంది. దానికి కరెంటు క్షణం పాటే ఇవ్వాలి. బటన్ ఇరుక్కుంటే కాయిల్ కాలిపోతుంది. కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ ద్వారా నడిపితే దెబ్బ బలంగా ఉంటుంది, కాయిల్ కాలదు. ఫ్రాగ్ కోసం దానికి విడిగా స్విచ్ తగిలించాలి.

ఎస్‌జీ90 సర్వో అందరికీ అందే ధరలో దొరుకుతుంది, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో మన పిల్లలు ఇట్టే నడిపిస్తారు. దానిలో కాంటాక్టులు ఉండవు కాబట్టి సర్వో మీద తిరిగే కడ్డీకి తగిలేలా ఒక మైక్రోస్విచ్ బిగించండి. బ్లేడు సగం దూరం దాటాక స్విచ్ మారేలా దాన్ని సర్దాలి. బ్లేడు స్టాక్ రైల్‌ను వదలకముందే మారితే, బ్లేడుకు ఫ్రాగ్ కరెంటు కలిసి ఉన్న పాయింటులో షార్ట్ వస్తుంది.

ఫ్రాగ్ జ్యూసర్ అనే సర్క్యూట్ పెడితే స్విచ్ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

డీసీసీలో, అంటే పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజిన్లను నడిపే పద్ధతిలో, నిజమే. చక్రం ఫ్రాగ్‌ను తాకగానే కరెంటు తారుమారుగా ఉందని ఆ సర్క్యూట్ గుర్తించి, పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ ట్రిప్ అయ్యేలోపే ఫ్రాగ్‌ను సరిచేస్తుంది. మామూలు డీసీ కంట్రోలర్ మీద ఇది పనిచేయదు. స్విచ్ బిగించడానికి చోటు లేని ఇరుకు మూలల్లో మంచి పరిష్కారం. స్విచ్ పెట్టగలిగే చోట మాత్రం స్విచ్చే పెట్టండి, అది చెడితే మనమే బాగు చేసుకోగలం.

ఎంత మందం వైరు వాడాలి? ఎన్ని చోట్ల ఫీడర్లు ఇవ్వాలి?

నికెల్ సిల్వర్ కరెంటును రాగి కంటే పది రెట్లకు పైగా అడ్డుకుంటుంది. కాబట్టి కరెంటు దూరం వెళ్లాల్సింది రాగి బస్ వైరులో, పట్టాలో కాదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు చాలా లేఅవుట్లకు సరిపోతుంది. లెక్క వేసి చూడండి. ఐదు మీటర్ల దూరం వెళ్లి తిరిగి రావడానికి పది మీటర్ల వైరు. 1.5 వైరులో దాని నిరోధం సుమారు 0.12 ఓమ్‌లు, మూడు ఆంపియర్ల దగ్గర పోయేది ఇంచుమించు 0.4 వోల్టులు. అదే 0.5 వైరైతే దాదాపు 1.2 వోల్టులు పోతాయి. ఇంజిన్ నెమ్మదించడం కంటికే తెలుస్తుంది.

బస్ నుంచి పట్టాకు వచ్చే ఫీడర్ సన్నగా ఉన్నా ఫరవాలేదు, అడుగు లోపు పొడవుంటే చాలు. ప్రతి పట్టా ముక్కకూ ఒక ఫీడర్ నా నియమం. పాయింటుకు కనీసం రెండు స్టాక్ రైల్స్‌కూ, ఫ్రాగ్‌కూ. జాయినర్ ఎంత బిగుతుగా ఉన్నా దాన్ని పట్టాలను వరుసలో నిలబెట్టే ముక్కగానే చూడండి. ఎడమకు ఎరుపు, కుడికి నలుపు, ఫ్రాగ్‌కు ఆకుపచ్చ అని మొదటి రోజే రంగులు నిర్ణయించుకుంటే రెండేళ్ల తర్వాత బల్ల కింద పడుకుని వెతికేటప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది.

లైను తిరిగి వచ్చి అదే పాయింటులో కలిసే లూప్ పెట్టాను. కలపగానే షార్ట్. పాయింటు చెడిందా?

పాయింటు బాగానే ఉంది. లూప్ చుట్టి వచ్చేసరికి ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను కలుస్తుంది. లూప్ రెండు చివరలా రెండు పట్టాలకూ గ్యాప్ ఇచ్చి, ఆ లోపలి భాగం మీ అతి పొడవైన బండి కంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి. డీసీసీలో ఆ భాగానికి కరెంటును తనంతట తానే తారుమారు చేసే ఆటో రివర్సర్ పెట్టాలి. డీసీలో కరెంటు దిశ మార్చే ఆరు కాళ్ల స్విచ్‌తో పని జరుగుతుంది.

## నడిపేటప్పుడు

ఇంజిన్ పాయింటు మీద ఆగిపోతుంది. తప్పు పాయింటుదా, ఇంజిన్‌దా?

వేరే ఇంజిన్‌ను అదే చోట నెమ్మదిగా నడిపి చూడండి. అదీ ఆగితే పాయింటుది. ఆగకపోతే మొదటి ఇంజిన్‌ను వెల్లకిలా మెత్తటి గుడ్డ మీద పెట్టి, కంట్రోలర్ నుంచి రెండు వైర్లతో ఒక్కో జత చక్రాలకు కరెంటు ఇవ్వండి. ఏ జతకు ఇచ్చినప్పుడు మోటార్ తిరగదో ఆ చక్రాల వెనక ఉన్న రాగి రేకు వంగిపోయిందో, మురికి పట్టిందో అర్థం. చాలా ఇంజిన్లలో ఒక జత చక్రాలు ఇలా ఊరికే తిరుగుతుంటాయి. తిన్నటి పట్టా మీద ఆ లోపం దాగి ఉంటుంది, ఫ్రాగ్ మీద బయటపడుతుంది.

పాయింటుదే తప్పయితే ఇంజిన్ సరిగ్గా ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బ్లేడు దగ్గరైతే బ్లేడుకు కరెంటు అందడం లేదు. ఫ్రాగ్ దగ్గరైతే ఫ్రాగ్ వైరు, దాని స్విచ్ చూడండి. ఫ్రాగ్ దాటాక అయితే ఆ పట్టాకు ఫీడర్ లేదు.

ఆగడం కాదు, పాయింటు మీదికి రాగానే డీసీసీ మొత్తం ట్రిప్ అవుతోంది.

చక్రం ఎక్కడో కలపకూడని రెండు లోహాలను కలుపుతోంది. గదిలో లైటు ఆర్పి నెమ్మదిగా నడపండి. చిన్న మెరుపు ఎక్కడ వస్తే జబ్బు అక్కడే.

మెరుపు ప్లాస్టిక్ ఫ్రాగ్ మొన దగ్గర వస్తే, వెడల్పాటి చక్రం దగ్గర దగ్గరగా ఉన్న రెండు పట్టాలనూ ఒకేసారి తాకుతోంది. ఆ పట్టాల తలల మీద మొన నుంచి ఒక సెంటీమీటరు దాకా రంగులేని నెయిల్ పాలిష్ పూయండి. ఏడాదికోసారి మళ్లీ పూయాలి. తెరిచి ఉన్న బ్లేడు దగ్గర మెరుపు వస్తే, చక్రం వెనక భాగం ఆ బ్లేడును రాసుకుంటోంది. ఆ ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓలో అది సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువుంటే చక్రాన్ని మెలితిప్పుతూ కాస్త బయటికి లాగండి. చక్రాలు సరిగ్గా ఉన్నా మెరుపు వస్తుంటే, ఆ బ్లేడుకు ఫ్రాగ్ కరెంటు కాకుండా దాని పక్క స్టాక్ రైల్ కరెంటే ఉండేలా వైరింగ్ మార్చాలి. అప్పుడు రాసుకున్నా షార్ట్ రాదు.

ఒక దారిలో బాగా వెళ్తోంది, రెండో దారిలో షార్ట్ వస్తోంది. ఎందుకు?

ఫ్రాగ్‌కు కరెంటు మారడం లేదు, ఒకే వైపు నిలిచిపోయింది. స్విచ్ మధ్య కాలుకూ చివరి కాళ్లకూ మీటర్ పెట్టి పాయింటు మార్చి చూడండి. ఎక్కువసార్లు మోటార్ కడ్డీ స్విచ్‌ను పూర్తిగా నొక్కడం లేదని తేలుతుంది. స్విచ్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే సరిపోతుంది.

ఒక్క పాయింటులో షార్ట్ వస్తే లేఅవుట్‌లో బండ్లన్నీ ఆగిపోతున్నాయి. తక్కువ ఖర్చులో ఏదైనా మార్గం ఉందా?

లేఅవుట్‌ను రెండు మూడు భాగాలుగా గ్యాపులతో విడదీసి, ప్రతి భాగానికీ వెళ్లే ఒక బస్ వైరులో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బును వరుసగా కలపండి. బైకు సామాన్లు, ట్రాక్టర్ సామాన్లు అమ్మే ఏ షాపులో అయినా దొరుకుతుంది. మామూలుగా బల్బు వెలగదు. షార్ట్ వచ్చినప్పుడు వెలిగి, కరెంటును రెండు ఆంపియర్ల లోపు ఆపుతుంది. బూస్టర్ అంతకంటే ఎక్కువ ఇవ్వగలిగితే మిగతా భాగాలు నడుస్తూనే ఉంటాయి. ఏ బల్బు వెలిగిందో చూస్తే ఏ భాగంలో తప్పుందో తెలిసిపోతుంది. బల్బు బాగా వేడెక్కుతుంది, చెక్కకూ ప్లాస్టిక్‌కూ దూరంగా హోల్డర్‌లో పెట్టండి.

ఇంజిన్‌లో కీప్ అలైవ్ కెపాసిటర్ పెట్టేస్తే పోదా? పాయింట్ల వైరింగ్ అంతా ఎందుకు?

కీప్ అలైవ్ మంచిదే. కొద్ది సేపు కరెంటు లేకపోయినా డీసీసీ ఇంజిన్ ఆగకుండా, సౌండ్ తెగకుండా చూస్తుంది. చిన్న షంటింగ్ ఇంజిన్లకు నేను కూడా పెడతాను. కానీ అది షార్ట్‌ను ఆపదు, కరెంటు లేని సైడింగుకు కరెంటు తేదు. ప్రతి ఇంజిన్‌కూ విడిగా కొనాలి, చిన్న ఎన్ స్కేల్ ఇంజిన్లలో చోటు ఉండదు. పాయింటును ఒకసారి సరిగా వైరింగ్ చేస్తే మీ ఇంజిన్లకూ, మీ ఇంటికి వచ్చే స్నేహితుడి ఇంజిన్‌కూ పనికొస్తుంది.

## మన ఎండ, దుమ్ము, నీళ్లు

చలికాలంలో బాగా నడిచిన లేఅవుట్ మే నెలలో షార్ట్ అవుతోంది. వైరింగ్ ఏమీ ముట్టుకోలేదు.

గ్యాపులు మూసుకుపోయాయి. మా నల్గొండలో ఎండలు 44 డిగ్రీలు దాటుతాయి, రేకుల గదిలోనో మేడ మీద గదిలోనో సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవు నికెల్ సిల్వర్ పట్టా సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. అదే సమయంలో బల్ల చెక్క ఎండి కాస్త కుంచించుకుపోతుంది. సన్న రంపంతో కోసిన గ్యాపు కూడా ఇంచుమించు అంతే వెడల్పు. మూడేళ్ల కిందట ఈ కారణం తెలియక రెండు రోజులు ప్రతి వైరూ విప్పి వెతికాను. సాయంత్రం గది చల్లబడితే షార్ట్ మాయమయ్యేది, మధ్యాహ్నం మళ్లీ వచ్చేది. ఆ తేడా గమనించాకే గ్యాపుల వైపు చూశాను.

గ్యాపు కోసిన వెంటనే అందులో సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చి అరాల్డైట్‌తో అతికించి, ఆరాక పట్టా ఆకారానికి ఆకురాయితో సరిచేయండి. మామూలు జాయినర్ల దగ్గర మాత్రం పట్టాలు కాస్త సాగడానికి సందు వదలండి. చలికాలంలో పట్టాలు పరుస్తుంటే ఈ సందు తప్పనిసరి.

పాయింట్లు దేనితో తుడవాలి? సాండ్ పేపర్ వాడొచ్చా?

సాండ్ పేపర్ వద్దు. అది చేసిన సన్నటి గీతల్లో మురికి మరింత త్వరగా చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తెల్లటి నూలు గుడ్డకు తడిపి పట్టా తల తుడవండి. బ్లేడుకూ స్టాక్ రైల్‌కూ మధ్య గట్టి కాగితం ముక్కను ఆల్కహాల్‌తో తడిపి పెట్టి, బ్లేడును ఆనించి, కాగితాన్ని లాగండి. నల్లటి చార కాగితం మీదికి వచ్చేస్తుంది. దగ్గర్లో దీపం, అగరబత్తి, వేడి ఐరన్ ఉండకూడదు. హ్యాండ్ శానిటైజర్ వాడకండి. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది. కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె బ్లేడు మొన దగ్గర అసలే వద్దు.

తుడిచాక మెత్తటి గ్రాఫైట్ కడ్డీతో పట్టా తల మీద ఒక్క గీత రాస్తే చాలా రోజులు బాగుంటుంది. గ్రాఫైట్ కరెంటును మోస్తుంది కాబట్టి ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద, గ్యాపుల మీద రాయకండి.

గది వంటింటి పక్కనే ఉంటే పోపు పొగలోని నూనె పట్టాల మీద పేరుకుంటుంది. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకల దుమ్ము దానికి తోడైతే జిగురులా అంటుకుంటుంది. లేఅవుట్ వాడనప్పుడు పాత నూలు చీర కప్పి ఉంచితే సగం తుడుపు తప్పుతుంది.

బ్యాలస్ట్ (పట్టాల కింద పరిచే రాళ్లు) వేసిన మర్నాటి నుంచి పాయింటు కదలడం లేదు, కరెంటూ సరిగా రావడం లేదు. ఏం చేయాలి?

రాళ్లు అతకడానికి పోసిన ఫెవికాల్ నీళ్లు బ్లేడ్ల కిందికి, టై బార్ కిందికి పాకి గట్టిపడ్డాయి. బ్లేడును బలవంతంగా తిప్పకండి, అతుకు ఊడుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచిన బ్రష్‌తో ఆ చోటు తడిపి పది నిమిషాలు ఆగి, చెక్క పుల్లతో మెల్లగా గీకండి. మళ్లీ తుడిచి ఆరబెట్టి, మీటర్‌తో బ్లేడు తాకుడు చూడండి.

ఈ పనికి బోరు నీళ్లు వాడొద్దు. మా జిల్లా నీళ్లు ఎంత కఠినమో బిందె అడుగున చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరాక పట్టా మీద, బ్లేడు మొన మీద తెల్లటి పొర వదులుతాయి. ఆ పొర మీద చక్రం తడబడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, ఫెవికాల్‌ను కూడా దానితోనే కలుపుకోండి.

రాళ్ల విషయం కూడా ఒకటుంది. మన చుట్టూ గ్రానైట్ క్వారీలు, క్రషర్లు ఉన్నాయి కాబట్టి చాలామంది ఆ పొడినే జల్లెడ పట్టి వాడతారు. చూడటానికి నిజం రైలు పట్టాలా చక్కగా ఉంటుంది. కాని అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులు, క్రషర్ నుంచి రాలిన ఇనుప రజను ఉండొచ్చు. అవి ఇంజిన్ మోటార్‌లోకి ఎగిరి వెళ్తాయి, ఫ్రాగ్ గ్యాపుల్లో ఇరుక్కుంటాయి. పొడిని కాగితం మీద పరిచి పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి రెండు మూడు సార్లు పైన తిప్పండి. పాయింటు దగ్గర బ్యాలస్ట్ వేసేటప్పుడు టై బార్‌కు అటూ ఇటూ ఒక స్లీపర్ మేర ఖాళీ వదిలి, అక్కడ రంగు మాత్రమే వేయండి.

ఎన్నాళ్లకోసారి పాయింట్లు చూసుకోవాలి?

వారానికి ఒకసారి నడిపేవాళ్లు నెలకోసారి పట్టా తలలు తుడిస్తే చాలు. వైర్లు, స్విచ్‌లు ఏడాదికి రెండుసార్లు చూడండి, ఎండలు ముదిరే ముందు మార్చిలో ఒకసారి, వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి. నేను ఒక నోటు పుస్తకంలో ప్రతి పాయింటుకు నంబరు వేసి, తేదీ, ఏం చెడింది, ఏం చేశాను అన్నవి రాసుకుంటాను. మా యార్డులో నాలుగో నంబరు పాయింటు పేజీలో ఒకే తప్పు మూడుసార్లు కనిపించింది. విప్పి చూస్తే దాని కింది బల్ల చెక్క కొంచెం వంగి ఉంది. చెక్క కింద బద్ద వేసి సరిచేశాక ఆ పేజీలో కొత్తగా ఏమీ రాయలేదు.